సముద్రం మీద చాడీలు

లోకంలో ఎక్కడ ఏ చెడు జరిగినా దాని వెనక బంగాళాఖాతం చెయ్యి ఉందని నమ్మే మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు విశ్వాసం. మార్కాపురం నుంచి ఒంగోలు పోయే బస్సులో ఆయన కండక్టరు, నేను డ్రైవరు. పేరుకు విశ్వాసమే గానీ, మా పడమటి సీమలో వాన పడుతుందన్న విశ్వాసం మాత్రం ఆయనలో ఆవగింజంత కూడా లేదు.

టైరు పంక్చరైతే నేను మేకు కోసం వెతుకుతాను, ఆయన తూర్పు దిక్కు చూస్తాడు. ఉల్లిగడ్డల రేటు పెరిగినా, చెకింగ్ వాళ్ళు ఎక్కినా, మోకాలు పట్టేసినా, ఎవరి కూతురి సంబంధమో తప్పిపోయినా ఆయన దగ్గర ఒకటే కారణం ఉండేది. ఒకసారి డిపోలో నా చెప్పులు పోయాయి. దానికీ సముద్రానికీ సంబంధం ఏమిటని పట్టుబట్టి అడిగాను. సముద్రం సక్రమంగా ఉంటే వానలు పడేవి, వానలు పడితే పంటలు పండేవి, పంటలు పండితే పాత చెప్పులు ఎత్తుకుపోయే గతి ఎవరికి పట్టేదని ఆయన నన్నే తిరిగి అడిగాడు. ఆ రోజు ఒట్టికాళ్ళతో బస్సు నడిపాను.

ఈ జ్ఞానం ఆయనకు పుట్టుకతో రాలేదు. రోజూ మార్కాపురంలో ఎక్కి ఒంగోలు కాలేజీకి పోయే ఫిజిక్సు లెక్చరరు అరుణకుమారి గారు ఇచ్చారు. ఒక డిసెంబరు పొద్దున, అద్దాలకు పట్టిన మంచును చేత్తో తుడుస్తూ, ఇంత పెద్ద సముద్రం పక్కనే ఉన్న జిల్లాలో మనకు చుక్క ఎందుకు రాలదని ఆయన అడిగాడు. ఆమె ఓపికగా చెప్పారు. చలికాలంలో నేల తొందరగా చల్లబడుతుంది, సముద్రం అంత తొందరగా చల్లబడదు. నేల మీద నుంచి చల్లగా, పొడిగా వీచే గాలి ఆ వెచ్చటి నీళ్ళ మీదికి పోయినప్పుడు వాటి వేడినీ తేమనూ ఎత్తుకుంటుంది. ఆ తేమ మబ్బై ఎక్కడ కురుస్తుందన్నది గాలి తిరిగే దారిని బట్టి ఉంటుంది. ఎక్కువ భాగం నెల్లూరుకో, ఇంకా కిందికో పోతుంది. మన దాకా వచ్చేసరికి చాలా ఏళ్ళలో ఏమీ మిగలదు. ఆమె ముగించేసరికి చీమకుర్తి వచ్చింది. విశ్వాసం అన్న చేతిలో టికెట్ల మెషీను పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడే ఉన్నాడు.

ఆ పూట నుంచి ఆయనకు ఒక శత్రువు దొరికింది. ఆమె చెప్పింది చలికాలం సంగతి, ఆయన దాన్ని ఏడాది పొడుగునా వాడాడు. "నేను చెప్పిన దాంట్లో తప్పు లేదు కాశయ్య గారూ, ఆయన దాన్ని పెట్టే చోట్లే తప్పు" అని అరుణకుమారి గారు నా దగ్గర తల పట్టుకునేవారు.

తిరుగు ట్రిప్పులో ఆయన చొక్కాయే ఆయనకు తేమ కొలిచే యంత్రం. ఒంగోలులో అది వీపుకు అంటుకుని ఉంటుంది. ముందు సీట్లో ఎవరు కూర్చున్నా వాళ్ళ చేత వీపు తడిమించి, తడి ఉందని ఒప్పించేవాడు. చీమకుర్తి దాటాక మళ్ళీ తడిమించేవాడు. పొదిలి వచ్చేసరికి చొక్కా గంజి పెట్టినట్టు బిరుసెక్కేది. "చూస్తివా, సముద్రం ఇచ్చింది ఈడితో సరి. ఇంక మార్కాపురానికి తీసుకపోయేది దుమ్మే" అని ఆయన తేల్చేవాడు. సంగతి తెలియని కొత్తవాళ్ళు పాపం తడిమేవాళ్ళు. పాతవాళ్ళు ఎక్కీ ఎక్కగానే వెనక సీట్లకు పరుగెత్తేవాళ్ళు.

పొదిలి బస్టాండులో విజయ టీ కొట్టు దగ్గర బస్సు కాసేపు ఆగుతుంది. అక్కడ ఆయన చేతికి టీ గ్లాసు వచ్చిందంటే అది ఇక టీ కాదు, బంగాళాఖాతం. "ఇది సముద్రం. ఇది ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి" అని చెప్పి ఉఫ్ అని ఊదేవాడు. ఆవిరి లేచేది. ఆ ఆవిరి ఎటు పోతుందో, నెల్లూరు ఎక్కడుందో, మనం ఎక్కడున్నామో బల్ల మీద వేలితో గీసి చూపించేవాడు. అంతా అయ్యేసరికి టీ చల్లారేది. అదీ సముద్రం తప్పేనని గొణుక్కుంటూ వేడి చెయ్యమని ఇచ్చేవాడు. ఒకే టీని మళ్ళీ మళ్ళీ కాచి విసిగిపోయిన విజయ ఒక రోజు గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చింది. ఆయన దాన్ని ఊదాడు, ఆవిరి లేవలేదు. ఇంకా ఊదాడు. చల్లటి సముద్రంతో జనానికి ఏమని చెప్పాలని ఆ రోజంతా దిగులుగా ఉన్నాడు.

అప్పుడప్పుడు వాన పడితేనో అని మీరు అడగవచ్చు. ఒక నవంబరులో మార్కాపురం బస్టాండులో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. అందరం పండగ చేసుకున్నట్టు తడిశాం. విశ్వాసం అన్న మాత్రం షెడ్డు కింద నిలబడి, ఇది మన వాన కాదని, ఎవరిదో దారి తప్పి వచ్చిందని, మళ్ళీ వాళ్ళకే ఇచ్చెయ్యాల్సి వస్తుందని బాధపడ్డాడు.

అసలే మా జనం బతుకులు అంతంత మాత్రం. టికెట్టు కొనుక్కుని మరీ నిరాశ వినాలా అని ఒక పెద్దమనిషి డిపోలో ఫిర్యాదు చేశాడు. పై అధికారి పిలిచి, టికెట్లు కొట్టు, వాన సంగతి మాట్లాడకు అన్నాడు. ఆ ట్రిప్పులో ఆయన నిజంగానే నోరు తెరవలేదు. కానీ ప్రతి ఎండిన చేను దగ్గరా ఒక నిట్టూర్పు విడిచాడు. మా దారిలో ఎండని చేను లేదు. పొదిలి చేరేలోపలే ప్రయాణికులు ఆ నిట్టూర్పులు భరించలేక, అన్నా, తిట్టేదేదో తిట్టు అని బతిమాలుకున్నారు.

పోయిన ఏడు మాత్రం నవ్వుకోవడానికి ఏమీ మిగల్లేదు. కార్తీకంలో ఒక్క వాన పడలేదు. వాయుగుండం అన్నారు, తుఫాను అన్నారు, అందరూ సెల్‌ఫోనుల్లో రంగురంగుల సుడులు ఒకరికొకరు చూపించుకున్నారు. అది కింద ఎక్కడో ఒడ్డెక్కి అటే పోయింది. శనగ విత్తినవాళ్ళు మళ్ళీ విత్తారు. అదీ మొలిచి మొలవకముందే వాడిపోయింది. కనిగిరి వైపు, హనుమంతునిపాడు వైపు ఎటు చూసినా అదే వరస. పొద్దుటి ట్రిప్పులో మనుషుల కంటే మూటలు ఎక్కువయ్యాయి. ఒంగోలులో బస్సు మారి గుంటూరు వైపు మిరప కోతలకు పోయేవాళ్ళు, ఇంకా దూరం పోయేవాళ్ళు. "మనం జనాన్ని తీసుకపోతాండాం గానీ తీసుకరావడం లేదు కాశయ్యా" అన్నాడు విశ్వాసం అన్న. నేను గేరు మార్చాను.

ఆయన చెప్పినవన్నీ నిజమవుతూ వచ్చాయి. నిజమైన కొద్దీ, వానను ఆయనే ఆపినట్టు జనం ఆయన మీద మండిపడ్డారు. చేను మొత్తం ఎండిపోయిన ఓబులయ్య అనే ముసలాయన ఒక రోజు ఆయన చెయ్యి పట్టుకుని, అబద్ధమైనా సరే, వాన వస్తుందని ఒక్కసారి చెప్పమన్నాడు. విశ్వాసం అన్న టికెట్లు కొట్టడం ఆపి తూర్పు దిక్కు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వస్తాది మామా," అన్నాడు చివరికి. కానీ మనసొప్పక, "నెల్లూరికి" అని కలిపాడు.

సంక్రాంతి ముందర ఒక తెల్లవారుజామున, పొదిలికి ఇవతల ఒక ఊరి దగ్గర కొండమ్మ బస్సు ఎక్కింది. ఆమెను నాకు తెలుసు. సొంత పొలం ఉన్న ఇల్లు, గట్టి నోరు. వెంట కొత్త కోడలు వెన్నెల, కోడలి వెంట ఒక ఇనుప పెట్టె. పిల్ల మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది. ఎవరూ అడగకముందే కొండమ్మ బస్సంతటికీ వినపడేట్టు చెప్పింది. పిల్లను ఒంగోలు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న కొత్తపట్నం పక్కన పుట్టింట్లో దింపి వస్తుందట. మళ్ళీ తీసుకురాదట. కొడుకు నరేష్ అవునూ అనలేదట, కాదూ అనలేదట.

"వైశాఖంలో ఈ పిల్ల మా గడప తొక్కింది. ఆ పొద్దు నుంచి వాన మా పొలిమేర తొక్కలే," అంది కొండమ్మ.

బస్సులో కొందరు తలలు ఆడించారు. ఒకామె తన తోడికోడలి సంగతి కూడా ఇంతేనని అందుకుంది. నేను అద్దంలోంచి విశ్వాసం అన్నను చూశాను. సముద్రాన్ని తిట్టేటప్పుడు ఆయన మొహంలో ఎప్పుడూ ఒక సరదా ఉండేది. ఆ పొద్దున అది లేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు, మెషీను పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

పొదిలిలో ఆయన స్వయంగా టీ తెచ్చి కొండమ్మ చేతిలో పెట్టాడు. ఇది సముద్రం అక్కా అని మొదలుపెట్టాడు. ఊదడానికి వంగాడు. ఆయన ఊదేలోపలే కొండమ్మ బంగాళాఖాతం మొత్తాన్ని గుటగుటా తాగేసి గ్లాసు చేతికిచ్చింది. మా బస్సులో ఆ టీని వేడిగా తాగిన మొదటి మనిషి ఆమే. చలిగా ఉందని తాగానే గానీ నీ సముద్రానికీ నా పొలానికీ ఏం పని అని కసిరింది.

"దింపేది ఎట్లాగూ దింపుతావు. అంతకుముందు అసలు దొంగను ఒక్కసారి చూసి పో అక్కా. మీ వియ్యపురాలి ఊరి పక్కనే గదా ఉండాది," అన్నాడు విశ్వాసం అన్న.

కొండమ్మ విననట్టు బస్సెక్కి కూర్చుంది. కానీ ఒంగోలు దాకా ఆమె నోరు తెరవకపోవడం చూసి నాకు అర్థమైంది. అంత వయసు వచ్చినా ఆమె సముద్రం చూడలేదు.

ఒంగోలులో మాకు మధ్యాహ్నం దాకా పని లేదు. ఆటోలో నలుగురం, పెట్టె, కొత్తపట్నం పోయాం. తీరం మీద ఎవరూ లేరు. వెనక నుంచి పొడిగాలి చెవులు కోస్తోంది. కొండమ్మ చీర చెంగు తలమీద కప్పుకుని, ఇంత నీళ్ళా అన్నట్టు చాలాసేపు చూసింది. మొహంలో ఆశ్చర్యం మెల్లగా కోపంగా మారింది. తాగడానికి బిందె నీళ్ళ కోసం ట్యాంకరు వెంట పరుగెత్తే మనిషి ఆమె.

విశ్వాసం అన్న ఆమెను నీళ్ళలో కాలు పెట్టమన్నాడు. ఒణికి చస్తానంది. ఆయన వదల్లేదు. చివరికి భయంభయంగా పాదం ముంచి, ఉలిక్కిపడి మా వైపు తిరిగింది.

"వెచ్చగుండాయి గదా అన్నా."

"ఆ వెచ్చదనమే అక్కా గాలి ఎత్తుకపోయేది," అన్నాడు విశ్వాసం అన్న. మన వైపు నుంచి వచ్చే పొడిగాలికి ఇది వేడీ ఇస్తుంది, తేమా ఇస్తుంది, రెండూ కలిసి మబ్బై ఊళ్ళు పట్టుకుని తిరుగుతాయి, మన ఊరి పేరు మాత్రం వాటికి గుర్తుండదు అని వివరించాడు. పోయేది మన గాలి, తేమ తీసుకునేది మన గాలి, కురిసేది ఇంకొకళ్ళ ఇంట్లో అన్నాడు. అరుణకుమారి గారు వింటే సగం కొట్టేసేవారు. కానీ ఆ గాలి మా వీపుల మీద ఉంది, ఆ వెచ్చదనం కొండమ్మ పాదాల మీద ఉంది.

అప్పటిదాకా నోరు మెదపని వెన్నెల అప్పుడు మాట్లాడింది.

"నేను వచ్చినందుకు మీకు వాన పోయిందంటున్నారు కదా అత్తయ్యా. మరి నేను పుట్టింట్లోంచి వెళ్ళిపోయాను కాబట్టి మా వాళ్ళకైనా పడాలి కదా. మా ఊళ్ళో కూడా పడలేదు. నారుమళ్ళు ఎండిపోయాయని మా నాన్న రోజూ ఫోన్లో చెప్తున్నాడు."

కొండమ్మ ఆ పిల్లను, సముద్రాన్ని మార్చి మార్చి చూసింది. విశ్వాసం అన్న కూడా కాస్త తికమక పడ్డాడు. ఎందుకంటే తీరంలో వాళ్ళకు అన్నీ దక్కుతాయని ఆయన ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాడు. కానీ వెంటనే తేరుకున్నాడు. "విన్నావా అక్కా, పక్కింటోళ్ళకే పెట్టని మనిషి మనకేం పెడుతుంది."

అంతే. కొండమ్మ చెంగు నడుముకు బిగించింది. కోడలి కోసం ఇంటి దగ్గర నుంచి దాచి తెచ్చుకున్న తిట్లన్నీ అక్కడ ఒడ్డున నిలబడి సముద్రం మీద కుమ్మరించింది. దాని పుట్టుకను, పిసినారితనాన్ని, ఉప్పు నీళ్ళను, ఊరికే ముందుకొచ్చి వెనక్కి పోయే బుద్ధిలేనితనాన్ని, ఏదీ వదల్లేదు. నేను నా ఉద్యోగంలో చాలా తిట్లు విన్నాను, అలాంటివి వినలేదు. ఒక పెద్ద అల వచ్చి ఆమె చీర తడిపితే, ఎదురు తిరుగుతావా అని ఇంకో విడత అందుకుంది. విశ్వాసం అన్న చేతులు కట్టుకుని, గుళ్ళో పాట వింటున్నవాడిలా తన్మయంగా విన్నాడు. వెన్నెల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

గొంతు ఆరిపోయాక కొండమ్మ తడిచీర పిండుకుంటూ కోడలి వైపు తిరిగి, "పా, మీ అమ్మ ఏమన్నా వండిందేమో చూద్దాం" అంది.

మధ్యాహ్నం బస్సుకు అత్తాకోడళ్ళు ఇద్దరూ తిరిగి వచ్చారు. పెట్టె కూడా వచ్చింది. పెట్టె ఎందుకు తెచ్చారని వియ్యపురాలు అడిగితే, ఒంగోలులో తాళం బాగు చేయిద్దామని తెచ్చామని కొండమ్మ చెప్పిందట.

దీనివల్ల వాన పడిందని మీరు అనుకుంటే, పడలేదు. ఫిబ్రవరిలో కొండమ్మ ఇంట్లో శనగ చెట్లు పీకి గొర్రెలకు వేశారు. నరేష్, వెన్నెల, కొండమ్మ ముగ్గురూ మూటలు కట్టుకుని మిరప కోతలకు మా బస్సే ఎక్కారు. సొంత భూమి ఉన్న మనిషి ఇంకొకరి చేలో కూలికి పోవడం ఎలా ఉంటుందో కొండమ్మ నడుము వంచి మెట్లు ఎక్కిన తీరులో కనపడింది. ఆమె ఊరి ఆడమనిషే ఒకామె పక్క సీట్లోంచి, ఆ రోజు దింపిరావాల్సింది, దింపి ఉంటే ఈ గతి పట్టేది కాదేమో అని మెల్లగా అంది.

కొండమ్మ మెల్లగా మాట్లాడే రకం కాదు. "నువ్వు పోయి సముద్రంలో కాలు పెట్టి చూసినావా? నేను చూసినా. దానికి జొరం వచ్చింది. ఆ జొరం తగ్గితేనే మనకు వాన. మధ్యలో నా కోడల్ని అంటే ఊరుకునేది లేదు," అంది.

జ్వరం సంగతి విశ్వాసం అన్న ఎన్నడూ చెప్పలేదు. ఆమె తప్పు దిద్దబోయి ముందుకు వంగాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, మూడు టికెట్లు కొట్టి ఆమె చేతికిచ్చి వెనక్కి పోయాడు.

ఆ తర్వాతి వారం ఆయనకు జ్వరం వచ్చి సెలవు పెడితే చూడ్డానికి మార్కాపురంలో వాళ్ళింటికి పోయాను. లోపల గదిలో నిద్రపోతున్నాడు. వాళ్ళావిడ ఎలీషబా వసారాలో కుర్చీ వేసి మాట్లాడింది. కొండమ్మ కథ ఆమెకు తెలుసు. అప్పుడు ఆమె చెప్పింది.

వాళ్ళ పెళ్ళయిన ఏడు కూడా ఇలాగే వాన లేదట. అత్తగారు రోజూ ఆమెనే అనేదట. అన్నం పెట్టేటప్పుడు అనేది, చర్చికి పోయేటప్పుడు దారిలో అనేది. విశ్వాసం అన్న అప్పటికి కుర్రవాడు. భార్య తప్పు కాదని తెలుసు, మరి ఎవరి తప్పో తెలియదు. తల్లికి ఏమని బదులు చెప్పాలో తోచక గోడవైపు తిరిగి కూర్చునేవాడట. అత్తగారు చనిపోయేదాకా ఆ మాట అంటూనే ఉందట. అది జరిగి చాలా కాలమైంది. ఎలీషబా మరచిపోయింది కూడా. కానీ లెక్చరరమ్మ బస్సులో సంగతి చెప్పిన రోజు సాయంత్రం ఆయన డ్యూటీ దిగి పరుగుపరుగున ఇంటికి వచ్చి, ఖాకీ చొక్కా అయినా విప్పకుండా తల్లి ఫొటో ముందు నిలబడ్డాడట. "అమ్మా, ఎలీషబా కాదు. సముద్రం" అని మొదలుపెట్టి, టీ పెట్టించుకుని మరీ మొత్తం వివరించాడట.

"ఎవురికి ఏ చెడు జరిగినా ఎవురో ఒకరి మీద పడాల గదా అన్నా. ఇంట్లో ఆడమనిషి మీద పడేలోపల ఈయన పోయి సముద్రం మీద వేసి వస్తాడు," అంది ఎలీషబా.

నిజంగా సముద్రం వల్లనేనని నువ్వు నమ్ముతావా అమ్మా అని అడిగాను.

"నాకేం తెలుసు," అని ఆమె లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "నా మీద మాట పడకుండా అంత పెద్ద సముద్రాన్ని తెచ్చి అడ్డం పెట్టినాడు. అదే పదివేలు. ఒకటే కష్టం అన్నా. దాని మీద కోపంతో సముద్రపు చేపను ఇంట్లోకి రానియ్యడు. నాకేమో వంజరం చేపంటే ప్రాణం."